లాహోరు గింజలు

ఫిబ్రవరి 3, 1936. ఏలూరు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. హైస్కూల్లో హెడ్మాస్టరు పని చేసినన్నాళ్ళూ చదవాలనుకుని చదవలేకపోయిన పుస్తకాలన్నీ ఇప్పుడు చదువుకోవచ్చు. పొద్దున్న నాలుగు పేజీలు చదివాను. కాఫీ ఎవరూ ఇవ్వలేదు.

రామలక్ష్మి నిన్నటి ప్యాసింజరుకి తాడేపల్లిగూడెం వెళ్ళింది, తమ్ముడింటికి. వెళ్ళేముందు నాతో చెప్పలేదు. గుమ్మంతో చెప్పింది. "గూడెం వెళ్తున్నాను. బియ్యం డబ్బాలో ఉన్నాయి" అంది. నేను ఆ గుమ్మం పక్కనే పడక్కుర్చీలో ఉన్నాను. గుమ్మం ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఫిబ్రవరి 4.

హాయిగా ఉంది.

ఫిబ్రవరి 5.

పక్కింటి వెంకటనరసమ్మ భోజనం పంపుతోంది. ఆవిడ చారుకీ, వేణ్ణీళ్ళకీ తేడా రంగులోనే. గిన్నె తీసుకువెళ్ళడానికి తనే వచ్చి, "వదినగారు ఎప్పుడొస్తారండీ అన్నయ్యగారూ?" అని అడిగింది.

"వాళ్ళ తమ్ముడికి ఒంట్లో బాగాలేదు" అన్నాను.

భీమశంకరానికి ఒంట్లో బాగాలేకపోవడమనేది ఉండదు. నా బావమరిదికి ఆకలీ, ఉపన్యాసమూ రెండూ ఎప్పుడూ బాగానే ఉంటాయి. గూడెంలో బియ్యం మిల్లు పెట్టి పెద్దమనిషయ్యాడు. ఇరవై తొమ్మిది డిసెంబరులో కాంగ్రెసు మహాసభకి లాహోరు వెళ్ళొచ్చాడు. అక్కడ ఏం తీర్మానించారో అడిగితే తడుముకుంటాడు. ఏం తిన్నాడో మాత్రం ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. "ఎర్రటి గింజలండీ బావగారూ. ఒక్కోటీ ఇంతేసి. నోట్లో వేసుకుంటే వెన్న. మీరు పుస్తకాల్లో చదివుంటారు. నేను తిన్నాను." ఆ చివరి రెండు వాక్యాలూ లేకుండా వాడెప్పుడూ ఆ కథ ముగించలేదు. వాడు ఆ మాట అన్నప్పుడల్లా పక్కనున్న ప్లీడర్లు నవ్వుతారు. అందులో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. నేను నేర్పినవన్నీ మర్చిపోయారు, నవ్వడం మాత్రం కొత్తగా నేర్చుకున్నారు.

జనవరిలో హిదాయతుల్లా లాహోరు వెళ్ళి తివాసీలు అమ్ముకొచ్చాడు. వాడూ నా శిష్యుడే. తంగెళ్ళమూడిలో వాడికి తివాసీ మగ్గాలున్నాయి. వస్తూ వస్తూ నా కోసం సంచెడు గింజలు తెచ్చాడు. అవే. వాటి పేరు కూడా చెప్పాడు. ఆ పేరు నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. ఒకనాటికి పనికొస్తుందని దాచుకున్నాను.

శనివారం మధ్యాహ్నం భీమశంకరాన్నీ, ఆ ప్లీడర్లిద్దరినీ భోజనానికి పిలిచాను. గింజలు చూపించి "ఇవేనా నీ లాహోరు గింజలు?" అంటే "ఇవే, ఇవే" అన్నాడు. రామలక్ష్మి వండింది. ఉడకలేదు. లోపల పలుకు ఉండిపోయింది. అన్నంలో ఉండేపాటి పలుకు కాదు, పంటికింద రాయి. భీమశంకరం ఒకటి నమిలి విస్తరి అంచున పెట్టి, "లాహోరులో ఇలా ఉండవండీ" అన్నాడు. ప్లీడర్లు నవ్వారు.

నేనొక గింజ తీసి ఇత్తడి చెంబులో పడేశాను. ఠంగుమంది. "నలభై ఒక్క ఏళ్ళుగా నేను తింటున్నది ఈ చేతివంటే" అన్నాను. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నాది, భీమశంకరానిది కాదు. నలుగురిలో వాడి నోరు మూయించడానికి అన్న మాట అది. రామలక్ష్మి నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఒక్కసారి నా వంక చూసి, అందరికీ నెయ్యి వడ్డించి, లోపలికి వెళ్ళింది.

ఇందులో ఇల్లు విడిచి వెళ్ళేటంతటిది ఏముందో నాకు తెలియదు.

ఫిబ్రవరి 7.

భీమశంకరం నించి కార్డు. "అక్కయ్య కులాసా. మీ ధోవతులు భోషానంలో అడుగున ఉన్నవి అని చెప్పమన్నది. చలిగా యున్నది గావున శాలువా కప్పుకొనవలసిందని గూడా." మూడు వాక్యాల్లో మూడు రకాల భాష. మిల్లులో బియ్యానికి పాలిష్ పట్టించినట్టే వ్యాకరణానికీ పట్టించేశాడు. ఎర్రసిరాతో తప్పులన్నీ దిద్ది, కింద "నూటికి పద్దెనిమిది" అని మార్కులు వేసి, కార్డు తిప్పి పంపించాను.

శాలువా భోషాణంలోనే ఉంది.

ఫిబ్రవరి 10.

ఒక నిర్ణయానికి వచ్చాను. సంచిలో ఇంకా మూడు సోలల గింజలున్నాయి. అవి నేనే వండుతాను. మెత్తగా, వెన్నలా వండి, క్యారియరులో పెట్టి గూడెం పంపుతాను. లోపం గింజలో లేదని, వండిన చేతిలో ఉందని అక్కాతమ్ములిద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. నా బీరువాలో పాకశాస్త్రం మీద మూడు పుస్తకాలున్నాయి. వంట పెద్ద విద్యేమీ కాదు. మగవాళ్ళు తీరిక లేక వదిలిపెట్టినది.

ఫిబ్రవరి 12.

నిన్న నానబోసిన సోలెడు గింజలు ఈవేళ పొయ్యిమీద పెట్టాను. నూతి నీళ్ళు తోడాను. ఉప్పు వేశాను. నిమ్మకాయంత చింతపండు పిసికి ఆ పులుసు పోసి ఎసరు పెట్టాను. పులుపు తగిలితే గింజ మెత్తబడుతుంది. ఈ సంగతి నేనెక్కడో చదివాను. ఆ శనివారం రామలక్ష్మికి కూడా నేనే

మూడున్నర గంటలు ఉడికింది. ఉడకలేదు.

ఫిబ్రవరి 13.

కట్టెలు పచ్చివి.

ఫిబ్రవరి 14.

రెండో సోల. ఎండుకట్టెలు. ఈసారి చింతపండు రెట్టింపు చేశాను. మంట ఊది ఊది నా గడ్డం కొస కాలింది. పదకొండు గంటలకి వెంకటనరసమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మీరు పొయ్యి దగ్గర కూర్చోడమేవిటండీ అన్నయ్యగారూ. ఏవిటా అవస్థ?"

"రాజ్మా" అన్నాను.

"ఎవరండీ?"

"రాజ్మా. లాహోరు నించి వచ్చింది."

"అయ్యో. ఎప్పుడొచ్చిందండీ?"

"పోయిన నెల. మహా మొండిది. మూడు రోజుల నించీ తంటాలు పడుతున్నాను, లొంగడం లేదు."

ఆవిడ వీధి కేసి ఓసారి చూసింది. తరవాత గొంతు తగ్గించి, "వదినగారికి తెలుసాండీ?" అంది.

"తెలియకేం. దీని మూలానే కదా వెళ్ళిపోయింది" అన్నాను. పొగలో నాకు ఇంకేమీ చెప్పే ఓపిక లేదు.

వెంకటనరసమ్మ కాఫీ గ్లాసు గడప మీదే పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం భోజనం పంపలేదు. ఎందుకో.

గింజలు ఉడకలేదు.

ఫిబ్రవరి 17.

హిదాయతుల్లా వచ్చాడు. గూడెంలో ఎవరికో తివాసీ ఇచ్చి రావాలట, ఏమైనా పంపుతారా అని అడిగాడు. పంపవలసింది మూడు రోజులుగా గిన్నెలోనే ఉడుకుతోంది, చూడమన్నాను. వాడు గరిటెతో కలిపి, ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కి, మళ్ళీ గిన్నెలో వేశాడు.

"మాస్టారూ, ఇందులో చింతపండు ముందే పోశారాండి?"

"పోశాను. పొయ్యకపోతే కూరెలా అవుతుంది?"

"ఉడక్కుండా పులుపు తగిలితే గింజ బిగుసుకుపోతుందండి. ఉప్పు కూడానండి. ఇంక ఆరునెలలు ఉడికించినా అంతేనండి. మా జహీరా ఆ రోజే అమ్మగారికి చెప్పింది కదండి."

ఏ రోజు అని అడిగాను. వాడు చెప్పాడు. విందుకి రెండు రోజుల ముందు, గురువారం నాడు, రామలక్ష్మి తమ్మిలేరు దాటి తంగెళ్ళమూడి నడిచి వెళ్ళిందట. వాళ్ళ అరుగు మీద కూర్చుని, హిదాయతుల్లా భార్య జహీరాని అడిగి, వంటంతా తెలుసుకుందట. కాలవ నీళ్ళే పొయ్యాలనీ, మెత్తగా ఉడికేదాకా పులుపూ, ఉప్పూ చూపించకూడదనీ. మా వీధి దాటి ఒక్కతీ ఎప్పుడూ వెళ్ళని మనిషి.

"మరి తెలిసుండి చింతపండు ఎందుకు పోసింది?" అన్నాను.

హిదాయతుల్లా తలపాగా సర్దుకున్నాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు లెక్క తప్పితే ఇలాగే తల తడుముకునేవాడు. "తమరు పొయ్యమన్నారుటండి" అన్నాడు. "ఆదివారం పొద్దున్న రైలుకి వెళ్తూ స్టేషను దగ్గర అమ్మగారు మాకు ఎదురయ్యారండి. కూరెలా కుదిరిందండీ అని జహీరా అడిగింది. ‘ఆయన చదువుకున్నాయన. పొయ్యి దగ్గరికొచ్చి మరీ చెప్పారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారని పోశాను’ అన్నారండి."

వాడు వెళ్ళాక చాలాసేపు గిన్నె ముందు కూర్చున్నాను.

ప్లీడర్లు నవ్వుతున్నప్పుడు ‘ఆయనే పొయ్యమన్నారు’ అంటే సరిపోయేది. రెండు మాటలు. నెయ్యి గిన్నె చేతిలో పట్టుకుని కూడా అనగలిగేటంత చిన్న మాటలు. అనలేదు.

ఫిబ్రవరి 18.

చదువు సాగలేదు. పాకశాస్త్రం పుస్తకాలు మూడూ తిరగేశాను. పులుపు గింజను మెత్తబరుస్తుందని ఎక్కడా లేదు. నేను ఎక్కడ చదివానో.

ఫిబ్రవరి 19.

తంగెళ్ళమూడి వెళ్ళాను. ఆ అరుగు మీదే కూర్చున్నాను. జహీరా పరదా వెనక నించి చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను.

"రాసుకోనక్కర్లేదండి మాస్టారుగారూ" అంది. "అమ్మగారు ఒక్కసారి విన్నారు, మళ్ళీ నాకే అప్పజెప్పారు."

రాసుకున్నాను. కందిపప్పయినా సరే ఏలూరు నూతి నీళ్ళల్లో సరిగా ఉడకదట, ఉప్పు నీళ్ళట. ఎన్నో ఏళ్ళుగా మా ఇంటికి కావిడితో కాలవ నీళ్ళు ఎందుకొస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. రామలక్ష్మికి నడుం నొప్పి, చేద లాగలేక తెప్పించుకుంటోందని అనుకునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఆ సంగతి నలుగురిలో అన్నాను కూడా.

"ఉడికిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"వేళ్ళతో నొక్కితే పలుకు ఉండకూడదండి. అమ్మగారికి తెలుసులెండి" అంది జహీరా.

ఈ పిల్ల నాకు శిష్యురాలై ఉంటే మార్కులు తక్కువ వేసి ఉండేవాణ్ణి. ధీమా ఎక్కువ.

ఫిబ్రవరి 22. తాడేపల్లిగూడెం.

భీమశంకరం మిల్లు కాగితం వెనక రాస్తున్నాను. ఇంటికి వెళ్ళాక డైరీలో అంటించాలి.

మిగిలింది ఒక్క సోల. పోతే మళ్ళీ లాహోరు వెళ్ళాలి. నానిన నీళ్ళు పారబోసి, కొత్తగా కాలవ నీళ్ళు పోసి, తెల్లవారుజామునే పొయ్యి మీద పెట్టాను. మొదట పెద్దమంట. తెర్లుతూ నురగ కడితే గరిటెతో తీసేశాను. తరవాత మంట తగ్గించి మూత పెట్టి, ఏమీ వెయ్యకుండా కూర్చున్నాను. వంటలో కష్టం వెయ్యడంలో లేదు, వెయ్యకుండా కూర్చోడంలో ఉంది. ఉప్పు డబ్బా మీదికి చెయ్యి మూడుసార్లు వెళ్ళింది.

రెండు గంటలకి గింజ వేళ్ళ మధ్య నలిగింది. అప్పుడు బాణలిలో నెయ్యి కాచి, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ. ఉల్లిపాయ ఎర్రబడేదాకా కదలకూడదట, కదల్లేదు. అల్లం, వెల్లుల్లి నూరి వేశాను. మా వంటింట్లో వెల్లుల్లి వాసన రావడం ఇదే మొదలు. మా తాతల తద్దినాలు పెట్టిన పొయ్యి అది. వాళ్ళు వచ్చి అడిగితే చెప్పుకుంటాను. పసుపు, కారం, ధనియాల పొడి. పుల్లగా ఉండడానికి చింతపండు కాదు, టమాటాలు. దొరల బంగళాలకి తప్ప ఎవరికీ అమ్మని మనిషిని బతిమాలి తెచ్చుకున్నాను. అవి కరిగి నెయ్యి పైకి తేలాక, గింజలూ, ఉడికిన నీళ్ళూ పోశాను. గుప్పెడు గింజలు గరిటెతో గిన్నెకేసి మెదిపితే కూర చిక్కబడింది. ఆఖర్న ఉప్పు. రుచి చూశాను. ఎలా ఉందో రాయను. రాస్తే భీమశంకరం ఉపన్యాసంలా ఉంటుంది.

హిదాయతుల్లాతో పంపవచ్చు. కానీ వాడు నిన్ననే వెళ్ళొచ్చేశాడు. అందుకని నేనే వెళ్ళాను. ఇంకేమీ కారణం లేదు.

రైలు పెట్టెలో అందరూ క్యారియరు వంక చూశారు. భీమడోలు దగ్గర ఒకాయన వెల్లుల్లి వాసనకి లేచి అటు చివర కూర్చున్నాడు. నేను కిటికీలోంచి దక్షిణం కేసి చూస్తూ కూర్చున్నాను. కొల్లేటి పక్షులు బారులు కట్టి అటే దిగుతున్నాయి. రామలక్ష్మిది కైకలూరు, అటే. పెళ్ళయిన కొత్తలో ఆ పక్షుల పేర్లన్నీ చెబుతుంటే నేను పుస్తకంలో ఉన్న పేర్లు చెప్పి దిద్దాను. తరవాత చెప్పడం మానేసింది.

భీమశంకరం హాల్లో ఉన్నాడు. లేవలేదు.

"రండి బావగారూ. మీరొక్కరే వచ్చారా, ఆవిడ కూడా వచ్చిందాండి?"

"ఏవిడ?"

"అదేనండీ. రాజమ్మ."

నేను క్యారియరు కింద పెట్టాను.

"ఏలూరు నించి వచ్చినవాళ్ళంతా చెబుతున్నారండీ" అన్నాడు. "లాహోరు మనిషట. మొండిదట. మీరు పొద్దస్తమానం ఆవిడతో తంటాలు పడుతున్నారట. ఈ వయస్సులో ఏవిటండీ ఇది, మాస్టరీ చేసినవారు. అక్కయ్య ఏమీ అనడం లేదు కానీ, నేను ఊరుకోను. ముందు ఆ రాజమ్మ సంగతి తేల్చండి."

వెంకటనరసమ్మ కాఫీ గ్లాసు గడప మీద ఎందుకు వదిలేసిందో అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి కూడా అర్థమైంది. ఆరేళ్ళుగా వీడు తిన్నాడు. నోట్లో వేసుకుంటే వెన్న. మరి పేరు వినగానే ఆడమనిషి అనుకున్నాడు. లాహోరులో ఒక్కపూట ఆ కూర తిన్నవాడెవడికైనా ఆ పేరు తెలియకుండా ఉండదు. ‘నువ్వు తిన్నావు కదా భీమశంకరం, పేరు పుస్తకంలో చదివుండవు పాపం’ అన్న వాక్యం నాలిక చివరకి వచ్చేసింది. కామాతో సహా. ఇంతకంటే మంచి అవకాశం నాకీ జన్మలో రాదు.

లోపలి గుమ్మం దగ్గర గాజులు కదిలాయి.

క్యారియరు మూత తీశాను. "ఇదే ఆవిడ. రాజ్మా అంటారు" అన్నాను.

భీమశంకరం మొహం కూర రంగుకి వచ్చింది. "ఆఁ. అదే, అదేనండీ. రాజ్మా. మేం లాహోరులో దాన్ని..."

"నీకు తెలుసుగా" అన్నాను. అంతే అన్నాను. ఆ వాక్యం ఇంకా నా దగ్గరే ఉంది, వాడలేదు.

తరవాత గుమ్మం కేసి తిరిగాను. రామలక్ష్మి చెప్పి వెళ్ళినట్టే నేనూ గుమ్మంతోనే చెప్పాను. "ఆ రోజు చింతపండు ముందే పొయ్యమన్నది నేను."

"ఏవన్నారండీ బావగారూ?" అన్నాడు భీమశంకరం.

వాడికి చెవుడు లేదు. రెండోసారి వినాలని అడిగాడు. చెప్పాను. గట్టిగా చెప్పాను. మిల్లు గుమాస్తా కూడా తల ఎత్తి చూశాడు.

రామలక్ష్మి బయటికి వచ్చింది. కాస్త చిక్కింది, లేక నాకలా కనిపించింది. క్యారియరు ముందు కూర్చుని, ఒక గింజ తీసి, వేళ్ళ మధ్య నొక్కింది. ఆ గింజ నలగడం నేను కళ్ళారా చూశాను.

"పలుకుంది" అంది.

"లేదు. నేను నొక్కి చూసుకునే తెచ్చాను."

"కాస్త పలుకుంది" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది.

"నాలుగు గంటల బండికి వెళ్ళాలి" అన్నాను, గుమ్మంతో కాదు.

"ఉడకనివ్వండి" అంది.

బండి కూత వినపడింది. వెళ్ళిపోయింది. ఉడికిన కూర మళ్ళీ ఉడుకుతోంది.

ఫిబ్రవరి 23.

భీమశంకరం మూడుసార్లు వేయించుకుని తిన్నాడు. "లాహోరులో కూడా ఇంత బాగుండదండీ" అన్నాడు. ఈసారి ఆ మాట నిజమే అయి ఉంటుంది. అక్కడ వాడికి ఏమీ పెట్టలేదు కనక.

ఒక్కణ్ణే ఏలూరు వచ్చేశాను. వస్తావా అని నేను అడగలేదు. వస్తానని ఆవిడ అనలేదు.

ఫిబ్రవరి 26.

శాలువా తీసి కప్పుకున్నాను.

మార్చి 1.

మధ్యాహ్నం ప్యాసింజరుకి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి వాసన చూసి, గోమయంతో రెండుసార్లు అలికింది. వెల్లుల్లి సంగతి ఏమీ అనలేదు. వెంకటనరసమ్మ గోడ మీదుగా, "రాజమ్మ వెళ్ళిపోయిందాండీ వదినగారూ?" అని అడిగితే, "తినేశాం" అంది. వెంకటనరసమ్మ ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది.

మార్చి 2.

కందిపప్పు. ముంగిట్లో రెండు బిందెల కాలవ నీళ్ళు ఉన్నా, చేద వేసి నూతి నీళ్ళు తోడుకుని వండింది. వడ్డించి ఎదురుగా నిలబడింది.

పలుకుంది. మారు అడిగి వేయించుకున్నాను.